లాటరీ లేని ఊళ్లో లాటరీ కలలు

గుజరాతు రాష్ట్రంలో లాటరీ టిక్కెట్లు అమ్మే దుకాణం కనిపించదు. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీకి ప్రత్యేకంగా ఒక శాఖనే నెలకొల్పి, 1968 జనవరి 26న మొదటి డ్రా తీసింది. టిక్కెట్టు వెల ఒక రూపాయి, మొదటి బహుమతి 50,000 రూపాయలు. మరుసటి సంవత్సరమే మహారాష్ట్ర ఆ బాట పట్టింది. కాని మహారాష్ట్ర సరిహద్దు దాటి సూరతు చేరేసరికి ఆ వ్యాపారానికి అనుమతి లేదు. లాటరీ నడపాలో, నిషేధించాలో తేల్చుకునే అధికారాన్ని 1998 నాటి కేంద్ర చట్టం రాష్ట్రాలకే విడిచిపెట్టింది. గుజరాతు నిషేధాన్నే ఎంచుకుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ నేడు ప్రభుత్వ లాటరీలు లేవు.

అయినా సూరతు నగరానికి ఆగ్నేయ దిక్కున, ఉధ్నా రైల్వే జంక్షనుకు చేరువలో ఉన్న లింబాయత్‌లో "లాటరీ తగిలితే..." అన్న మాటకు కొరత లేదు. ఆ మాట మరాఠీలో వినిపిస్తుంది, హిందీలో వినిపిస్తుంది, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ యాసల తెలుగులోనూ వినిపిస్తుంది. అంటున్నవారిలో చాలామంది జన్మలో టిక్కెట్టు ముఖం చూసి ఉండరు. టిక్కెట్టు లేకుండానే బహుమతిని పద్దులవారీగా ఖర్చు పెట్టగల నేర్పు మాత్రం వారికి బాగా అలవడింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టిన భాష కదా మరి!

నవజీవన్ తెచ్చిన మనుషులు

అహమ్మదాబాదు నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరతు దాటి తపతీ లోయ మార్గంలో తూర్పుకు తిరుగుతుంది. నందుర్బారు, భుసావల్, వార్ధా, బల్లార్షాల మీదుగా వరంగల్లు చేరుతుంది. సూరతు తెలుగువారికి అది రైలుబండి మాత్రమే కాదు, బంధుత్వాల దారం. పెళ్లిపత్రికలు, పచ్చడి జాడీలు, ముసలి తల్లిదండ్రులు, పనికోసం కొత్తగా బయలుదేరిన కుర్రవాళ్లు ఆ దారినే రాకపోకలు సాగించారు.

తెలంగాణ పల్లెల్లో చేనేత బతుకు కుంగిపోతున్న కొద్దీ పద్మశాలి కుటుంబాలు పడమటికి తరలాయి. షోలాపురం, బొంబాయి, భివండి, సూరతు ఆ వలసకు మజిలీలు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికుల మహాసమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపిన ఆ పోరాటం తర్వాత ఎన్నో మిల్లులు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. గుడ్డ నేసే పని పెద్ద మిల్లుల నుంచి మరమగ్గాల షెడ్లకు తరలడం అప్పటినుంచి మరింత వేగం అందుకుంది. కృత్రిమ పట్టు, పాలియెస్టరు చీరల నగరంగా సూరతు పెరగడంలో ఆ తరలింపు పాత్ర తక్కువది కాదు.

ఆ పెరుగుదలకు కావలసిన చేతులు ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహారు నుంచి, ఒరిస్సాలోని గంజాం జిల్లా నుంచి, తెలంగాణ నుంచి వచ్చాయి. లింబాయత్ వారిలో అనేకులకు ఇల్లయింది. సూరతు నగరపాలక సంస్థ మండలాల్లో ఒకటిగా, 2008 పునర్విభజన తర్వాత ఒక శాసనసభా నియోజకవర్గంగా ఆ పేరు స్థిరపడింది. ఒకవైపు రైలు పట్టాలు, మరోవైపు వర్షాకాలంలో ఒడ్డు దాటి వీధుల్లోకి వచ్చే మీఠీ ఖాడీ అనే వాగు, నడుమ ఇరుకు సందుల్లో ఒకదానిపై ఒకటి లేచిన గదులు. మార్కండేయ మహర్షిని, భావనాఋషిని కులమూలపురుషులుగా కొలిచే ఇళ్లలో భాద్రపద అమావాస్య వచ్చిందంటే బతుకమ్మ పేర్చడం మానరు. పూలు తెలంగాణ గుట్టల మీద దొరికినంత తేలికగా దొరకవు, అంతే తేడా. నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతో పాటు తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది.

కలల పద్దు

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. సూరతుకు వచ్చినా తెలుగువారి నోట ఆ మాట పోలేదు. పన్నెండేసి గంటల రెండు పాళీలలో సాంచెలు తిరుగుతాయి. ఒక్కొక్క కార్మికుడు ఒకేసారి అనేక సాంచెలను కనిపెట్టుకుని ఉండాలి. జీతం నెలకింతని కాక నేసిన మీటర్ల లెక్కన ఉంటుంది. దారం తెగినా, కరెంటు పోయినా, గిరాకీ మందగించినా మీటర్లు తగ్గుతాయి, వాటితోపాటు రాబడీ తగ్గుతుంది. ఈ చప్పుడులో మాటలు వినబడవు. మనిషి తన ఆలోచనలతో తాను ఉండవలసిందే. పగటికలకు అంతకన్న అనువైన చోటు ఏముంటుంది?

కల మొదటి పద్దు సాంచెల మీదే పడుతుంది. "లాటరీ తగిల్తె నాలుగు సాంచెలు కొంటనే అన్నా!" అనే కార్మికుడు తాను విడిచిపెట్టాలనుకుంటున్న పనినే మళ్లీ కొనుక్కుంటున్నాడు. కాకపోతే ఈసారి మీటర్లు లెక్కపెట్టేవాడు తానే. రెండవ పద్దు ఇల్లు. మేడ కాదు, తోట కాదు, నెల తిరగ్గానే తలుపు తట్టే అద్దె మనిషి లేని గది. వానాకాలంలో వాగునీరు గడప దాటని ఎత్తులో ఉంటే చాలు. మూడవది కూతురి పెళ్లి. నాలుగవది ఊళ్లో తండ్రి చేసిన అప్పు. అయిదవది ఊరికి తిరిగిపోవడం. కాని ఈ అయిదవ పద్దు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. సూరతులో పుట్టి గుజరాతీలో ఆడుకుంటున్న పిల్లలు ఆ ఊరికి వస్తారో రారో తెలియదు.

ఇళ్లలో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే, లేసు కుట్టే, వేలాడే దారాలు కత్తిరించే ఆడవారి పద్దు వేరుగా ఉంటుంది. "వదినా, లాటరీ తగిల్తె ముందుగాల ఏం జేస్తవు?" అని ఒకరు అడిగితే, "ముందుగాల కడుపునిండ నిద్రపోత" అనే సమాధానం వచ్చే లోకం అది. ఆ తర్వాతే నగలు, ఫ్రిజ్జు, తిరుపతి ప్రయాణం.

ఈ జాబితా మొత్తం ఒక్కసారి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇందులో విమానాలు లేవు, విదేశీ విహారాలు లేవు. సొంత పనిముట్టు, సొంత గూడు, అప్పులేని నిద్ర ఇవన్నీ ఒక మనిషి ముప్పయి ఏళ్లు కష్టపడితే జీతంతోనే సమకూరవలసినవి. జీతానికి అందనివన్నీ అదృష్టం ఖాతాలోకి బదిలీ అయ్యాయి. లాటరీ కల దురాశ అని తేలికగా తీసిపారేయడానికి వీలులేనిది ఇందుకే.

కథల్లో, పరిశోధనల్లో

పంచతంత్రంలోని బ్రాహ్మణుడు పిండికుండను చూస్తూ మేకలను, ఆవులను, ఇంటిని, భార్యను, కొడుకును ఊహించుకున్నాడు. ఊహలోనే కాలు విసిరాడు. నిజంగానే కుండ పగిలింది. రష్యా రచయిత చెహోవు 1887లో రాసిన 'లాటరీ టిక్కెట్టు' కథలో కుండ బదులు కాపురం బీటలు వారుతుంది. భార్య కొన్న టిక్కెట్టు వరుస సంఖ్య పత్రికలో కనిపిస్తుంది. అసలు నంబరు చూడటం కాసేపు వాయిదా వేసి దంపతులు కలలు కంటారు. ఆ కొద్దిసేపట్లోనే డబ్బు ఆమెదా తనదా అన్న ప్రశ్న భర్త మనసులో మొలకెత్తి, ఇద్దరి చూపుల్లోనూ ద్వేషం నింపుతుంది. చివరకు నంబరు వారిది కాదు. పోయింది బహుమతి ఒక్కటే కాదు, అంతకుముందు ఇంట్లో ఉన్న తృప్తి కూడా.

నిజంగా డబ్బు తగిలినవారి మాటేమిటి? 1978లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇలినాయ్ రాష్ట్ర లాటరీ విజేతలు 22 మందిని ప్రశ్నించారు. ఇరుగుపొరుగు వారికన్న వారు చెప్పుకోదగినంత ఆనందంగా ఏమీ లేరని, పైగా చిన్న చిన్న సంతోషాలు వారికి చప్పబడ్డాయని తేల్చారు. డబ్బుతో సుఖం రాదని చెప్పదలచినవారికి ఈ అధ్యయనం చాలాకాలం ఆయుధంగా ఉపకరించింది. అయితే స్వీడనులో ఎంతో పెద్ద సంఖ్యలో లాటరీ ఆడినవారిని పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధన మరోలా చెప్పింది. పెద్ద బహుమతులు పొందినవారిలో జీవితం పట్ల సంతృప్తి పదేళ్లు దాటినా తగ్గలేదు. ఆర్థికంగా నిశ్చింత కలగడమే అందుకు ముఖ్యకారణంగా కనిపించింది. రోజువారీ ఉల్లాసంలో మాత్రం అంత తేడా లేదు. లింబాయత్ ఇల్లాలు ఏ గణాంకాలూ లేకుండా చెప్పిన సమాధానమూ ఇంచుమించు ఇదే. ఆమె అడిగింది ఉల్లాసం కాదు, నిద్ర.

ఇక అవకాశాల లెక్క. కేరళలో 2022 ఓనం బంపరు మొదటి బహుమతి 25 కోట్లు. 500 రూపాయల టిక్కెట్లు 60 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 2011 జనగణన ప్రకారం సూరతు నగర జనాభా దాదాపు 45 లక్షలు. అంటే నగరంలోని పసిపిల్లలతో సహా అందరి పేర్లూ ఒక గంగాళంలో వేసి ఒక్కటి తీస్తే తన పేరు వచ్చే అవకాశం కన్న కూడా ఆ టిక్కెట్టు తగిలే అవకాశం తక్కువన్నమాట. తగిలినా 25 కోట్లూ చేతికి రావు. ఏజెంటు కమిషను 10 శాతం, మిగిలినదానిపై 30 శాతం పన్ను పోగా నిలిచేది 15.75 కోట్లు. సర్‌చార్జి, సెస్సు ఇంకా ఉండనే ఉన్నాయి.

నిషేధం చాటున

టిక్కెట్టు దొరకని చోట కలను అమ్ముకునేవారు లేకపోలేదు. వారిలో పాతకాపు మట్కా. దీని పుట్టుక గుడ్డతోనే ముడిపడి ఉండటం విచిత్రం. న్యూయార్కు పత్తి మార్కెట్టు నుంచి బొంబాయికి తంతి ద్వారా వచ్చే ప్రారంభ, ముగింపు ధరల మీద జనం పందాలు కాసేవారు. 1960 దశకం తొలినాళ్లలో ఆ ధరలు రావడం ఆగిపోయాక, కుండలో చీటీలు వేసి అంకెలు తీసే పద్ధతి వచ్చింది. కల్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీల పేర్లు ఆ జూదంతో ముడిపడిపోయాయి. మిల్లుల పేటలో వర్ధిల్లింది కనుక దానికి వర్లీ మట్కా అని పేరు. పత్తి వడికి, గుడ్డ నేసిన చేతులే పత్తి ధరల నీడమీద కూలిడబ్బు ఒడ్డాయి. మట్కా చట్టవిరుద్ధమని తెలియనివారు లేరు. అయినా గుజరాతు జూదనిరోధక చట్టం కింద కేసులు పడుతూనే ఉంటాయి.

కొత్తకాపులు సెల్‌ఫోనులో ఉంటారు. మీకు 25 లక్షల లాటరీ తగిలిందని, ఒక ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమం పేరు వాడుకుంటూ దేశమంతటా సందేశాలు పంపే మోసగాళ్ల సంగతి పోలీసులు ఏళ్ల తరబడి హెచ్చరిస్తున్నదే. ముందుగా పన్ను కట్టాలంటారు, తర్వాత బ్యాంకు రుసుము అంటారు. కొనని టిక్కెట్టుకు బహుమతి ఎలా వస్తుందన్న ప్రశ్న వేసుకోవడానికి కల కన్నవాడికి వ్యవధి ఉండదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలు ఎన్నో కుటుంబాలను ముంచిన తర్వాత వాటిని నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది.

ప్రభుత్వం తీసే చీట్లు

ఇంతవరకూ చెప్పినవన్నీ నిషిద్ధ అదృష్టాలు. లింబాయత్‌లో చట్టబద్ధమైన లాటరీ కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవరు.

2015 జూన్ 25న కేంద్ర ప్రభుత్వం పట్టణాల కోసం ప్రధానమంత్రి ఆవాస్ యోజనను ప్రారంభించింది. దాని కింద సూరతు నగరపాలక సంస్థ కట్టిన ఇళ్లకు దరఖాస్తులు ఇళ్ల సంఖ్యను మించినప్పుడు కంప్యూటరు డ్రా ద్వారా కేటాయిస్తారు. ఆదాయ ధ్రువపత్రం, ఆధారు, అద్దె కరారు, బ్యాంకు పుస్తకం పట్టుకుని వరుసలో నిలబడిన వారందరూ అర్హులే. అయినా వారిలో కొందరికే తాళంచెవి. మిగిలినవారికి మరో డ్రా కోసం నిరీక్షణ. కుటుంబంలో ఎవరి పేరనైనా దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లు ఉంటే ఈ పథకానికి అర్హత ఉండదు. ఈ నిబంధన వెనుక ఉన్న న్యాయం స్పష్టమే. కాని వలసవచ్చినవాడి విషయంలో అది ఒక చిక్కుముడి వేస్తుంది. తొలి సంపాదనతో ఊళ్లో తన పేర స్లాబు పోసుకున్నవాడు సూరతులో అద్దెగదిలోనే ఉండిపోవాలి. కలల పద్దులో పక్కపక్కనే కూర్చున్న రెండు ఇళ్లు, దరఖాస్తు ఫారంలో ఒకదానికొకటి అడ్డు తగులుతాయి.

రెండవ డ్రా బడిది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు పాఠశాలల ప్రవేశ తరగతిలో 25 శాతం స్థానాలను పేద, బలహీనవర్గాల పిల్లలకు కేటాయించింది. గుజరాతులో ఆ స్థానాల భర్తీ ఆన్‌లైను కేటాయింపు పద్ధతిలో జరుగుతుంది. సాంచెల షెడ్డులో తండ్రి పాళీ మారే వేళకు, కొడుకు చదువు ఏ బడిలో సాగాలో ఎక్కడో ఒక యంత్రం తేల్చివేస్తుంది.

అదృష్టాన్ని పాలనకు వాడుకోవడం కొత్త విద్య కాదు. 1753లో బ్రిటిష్ మ్యూజియం స్థాపనకు లాటరీ డబ్బే ఆధారం. కలకత్తా టౌన్‌హాలు లాటరీ సొమ్ముతో 1813లో పూర్తయింది. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ నగరపు రోడ్లు, చెరువులు తీర్చిదిద్దింది. ఆనాడు జనం టిక్కెట్లు కొంటే నగరానికి మేడ లేచింది. ఈనాడు నగరం మేడలు కట్టి జనం పేర్ల మీద చీట్లు తీస్తోంది. లంచానికి, సిఫార్సుకు తావులేని డ్రా నిస్సందేహంగా మేలైనదే. అయితే అర్హులందరికీ సరిపడా ఇళ్లు, బడులు లేవన్న ఒప్పుకోలు కూడా అందులోనే ఉంది.

మరి కొన్ని చీట్లు ఎవరూ అడగకుండానే పడతాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే సూరతు నుంచి లక్షలాది జనం రైళ్లకు ఎగబడ్డారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరాన్ని ముంచెత్తింది. 2020లో కోవిడ్ తొలి నెలల్లో సూరతులో అత్యధికంగా కేసులు నమోదైన ప్రాంతం లింబాయత్ మండలమే. సాంచెలు ఆగాయి, మీటర్లు ఆగాయి, అద్దె మాత్రం ఆగలేదు. చేతిలో ఒక నెల గ్రాసం మిగిలి ఉండటం ఎంతటి భాగ్యమో ఆ రోజుల్లో తెలిసింది.

అందరికీ తగిలే లాటరీ

ఈ అనిశ్చితి నడుమ తెలుగువారు వెంట తెచ్చుకున్న ఉపాయం చిట్టీ. గుజరాతీలు దీన్ని వీసీ అంటారు. ఇరవై మంది కలిసి నెలకు వెయ్యేసి రూపాయలు వేస్తే ఇరవై వేలు పోగవుతాయి. కొన్నిచోట్ల పాట పాడి తక్కువకు ఒప్పుకున్నవారికి ఆ మొత్తం ఇస్తారు. మరికొన్నిచోట్ల డబ్బాలో చీట్లు వేసి పసిపిల్లచేత ఒకటి తీయిస్తారు. ఒకసారి పేరు వచ్చినవారి చీటీ మళ్లీ డబ్బాలో పడదు. వారు చివరిదాకా నెలనెలా కడుతూనే ఉండాలి.

చూడటానికి ఇదీ లాటరీయే. కాని లెక్క పూర్తిగా వేరు. లాటరీలో లక్షలమంది పోగొట్టుకుంటే ఒకరికి దక్కుతుంది. చిట్టీలో ఇరవై నెలల్లో ఇరవై మందికీ దక్కుతుంది. అదృష్టం తేల్చేది ముందా వెనుకా అన్నది మాత్రమే. కూతురి పెళ్లి దగ్గరపడ్డవారికి ముందు ఇచ్చి, మిగతావారు ఆగడం కూడా ఉంది. యంత్రం తీసే డ్రాలో అటువంటి సర్దుబాటుకు చోటు లేదు.

చిట్టీకీ ముప్పు లేకపోలేదు. దాని ప్రాణమంతా నడిపేవారి నిజాయితీ మీదే నిలుస్తుంది. పోగైన సొమ్ముతో రాత్రికి రాత్రి మాయమైనవారి కథలు తెలుగువారు ఉన్న ప్రతిచోటా ఉన్నాయి. 1982 చిట్‌ఫండుల చట్టం రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది అందుకే. రాతకోతలు లేని వీధి చిట్టీలో డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు. ఇరుగుపొరుగు మాట మీద నడిచే పొదుపుకు ఇరుగుపొరుగే హామీ. ఆ హామీ చెడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, వీధి మీద నమ్మకం కూడా.

గుజరాతీలో పాళీ అన్న మాటకు పని షిఫ్టు అనీ, వంతు అనీ రెండర్థాలూ ఉన్నాయి. లింబాయత్ కార్మికుడి రోజంతా మొదటి అర్థంలో గడిచిపోతుంది. పగటిపాళీ తర్వాత రాత్రిపాళీ, ఆ తర్వాత మళ్లీ పగటిపాళీ. లాటరీ తగిలితే అని అతడు తలచుకునేదల్లా రెండవ అర్థం కోసమే. ఇంటి డ్రాలోనో, బడి డ్రాలోనో, చిట్టీ డబ్బాలోనో ఒకనాటికి తన వంతు వస్తుందని. కోట్ల బహుమతి కన్న ఆ కోరిక చిన్నది. తీర్చడం మాత్రం ఒక్క అదృష్టం వల్ల అయ్యే పని కాదు.